గ్యారేజీలో చల్లారిన ఎలుక: అయిదు నెలలు తినని ఒక బాల్ పైథాన్ కేసు

ఉత్తర టెక్సస్‌లో ఉండే ఒక తెలుగు కుటుంబం కేసు ఇది. వాళ్లు సరేనన్నాకే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. పాము బరువులు, ఉష్ణోగ్రతలు మాత్రం నా ఫైల్లో ఉన్నవి ఉన్నట్టే.

నేను పశువైద్యుణ్ణి. వారంలో ఎక్కువ రోజులు కుక్కలూ పిల్లులే. రెండు రోజులు మాత్రం పాములకీ, బల్లులకీ, తాబేళ్లకీ. పాముల్ని తెచ్చేవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఒకటే: "తినడం లేదండీ." అలాంటి కేసులు చాలా ఉన్నా ఇదే ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో మొదటి ఏడు వారాలు పోగొట్టింది నేనే.

నేపథ్యం

మగ బాల్ పైథాన్, వయసు సుమారు రెండున్నరేళ్లు. ఇది మన కొండచిలువకి దూరపు చుట్టం. ఘనా, టోగో, బెనిన్ లాంటి పశ్చిమ ఆఫ్రికా దేశాల గడ్డిమైదానాలు దీని ఊరు. పగలంతా ఎలుక కలుగుల్లోనో పాత చెదపుట్టల్లోనో పడుకుని, చీకటి పడ్డాక బయటికొస్తుంది. బెదిరితే తల మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, పేరు అందుకే వచ్చింది. పెద్దదైనా నాలుగైదు అడుగులు మించడం అరుదు. కరిచే గుణం తక్కువ. మొదటిసారి పాము పెంచుకునేవాళ్లకి దుకాణాల్లో దీన్నే చూపిస్తారు. చెప్పనిది ఆయుష్షు సంగతి. బాగా చూసుకుంటే ఇరవై ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. సెయింట్ లూయిస్ జూలో 2020లో గుడ్లు పెట్టిన ఒక బాల్ పైథాన్ వయసు తక్కువలో తక్కువ 62 ఏళ్లని జూ వాళ్ల లెక్క.

ఇంట్లో తల్లి, తండ్రి, పద్నాలుగేళ్ల కొడుకు. ఆ చలికాలానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ. ఇంటిల్లిపాదీ శాకాహారులు. పిల్లాడు ఏడాది పాటు బతిమాలితే, పాము పనులన్నీ వాడే చేసుకోవాలన్న షరతు మీద కొనిచ్చారు. షరతు ఇంకొకటి కూడా ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇండియాలో ఉన్న పాఠకులకి ఒక మాట, ఎందుకంటే ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. పొలంలోనో వాగు పక్కనో దొరికే మన కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. దాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరం. బాల్ పైథాన్ విదేశీ జాతి కాబట్టి అక్కడ దాని లెక్క వేరు. అయినా 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి. కాగితాలు లేకుండా అమ్మేవాడి దగ్గర కొనకండి.

మొదటి విజిట్: నవంబరు

సెప్టెంబరు రెండో వారం తర్వాత ఏమీ తినలేదు. పిల్లాడి దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది, తేదీ, బరువు, తిన్నదీ లేనిదీ రాసుకుంటున్నాడు. ముచ్చటేసింది. సెప్టెంబరులో 905 గ్రాములు. నా కాటా మీద 880. మూడు శాతం కూడా తగ్గలేదు. వెన్ను గుండ్రంగా ఉంది (చిక్కిన పాముకి వెన్నెముక లేచి, ఒళ్లు ఇంటి కప్పులా మూడు పలకలుగా తేలుతుంది). నోరు శుభ్రంగా ఉంది. పొలుసుల కింద మైట్స్ (రక్తం పీల్చే చిన్న పురుగులు) లేవు. పెంటలో పురుగుల గుడ్లు కనబడలేదు.

మగ బాల్ పైథాన్లు చలికాలంలో నెలల తరబడి తిండి మానేయడం మామూలే. ఆ వయసు, ఆ ఋతువు, ఆ బరువు చూస్తే నేను అలా అనుకోవడంలో తప్పు లేదు. తప్పు ఆ తర్వాతి ప్రశ్న దగ్గర జరిగింది. పాముని ఉంచే అద్దాల పెట్టెని ట్యాంకు అంటారు. "ట్యాంకులో వేడి ఎంత నాన్నా?" అంటే వాడు తడుముకోకుండా, "హాట్ సైడ్ తొంభై రెండు, కూల్ సైడ్ డెబ్భై ఎనిమిది," అన్నాడు. ఫారెన్‌హీట్‌లో. సెల్సియస్‌లో 33, 26. అచ్చం పుస్తకంలో ఉండే అంకెలు. రాసేసుకున్నాను. ఎక్కడ కొలిచావు, దేనితో కొలిచావు, రాత్రిపూట ఎంత అని అడగలేదు.

వెళ్లబోతూ అమ్మమ్మ ఆగి, "నాగుల చవితికి దాని ముందు కాసిని పాలు పెట్టానండీ, తాగలేదు. తాగితే తప్పా?" అంది. పాలు దానికి అరగవనీ, ఆ గిన్నెలో మంచినీళ్లే ఉండాలనీ చెప్పాను. ఆవిడ సర్లెమ్మన్నారు. అందరం నవ్వుకున్నాం. చవితి రోజు పాలతో పాటు ఇంకేం పెట్టారని అడిగి ఉండాల్సింది.

వారానికోసారి తూచమన్నాను. పది శాతం తగ్గితే రమ్మన్నాను.

రెండో విజిట్: జనవరి

ఈసారి బరువు 801. పదకొండు శాతం పైగా పడిపోయింది. మధ్యలో పరీక్షలొచ్చి నోటు పుస్తకం ఆగిపోయింది, అందుకే పది శాతం గీత ఎప్పుడు దాటిందో ఎవరికీ తెలీదు. తోకకి జానెడు పైన, వెన్ను మీద సెంటీమీటరంత పక్కు కట్టిన గాయం. డిసెంబరులో ఎవరో సలహా ఇస్తే బతికున్న ఎలుకని ట్యాంకులో వేసి రాత్రంతా వదిలేశారట. ఆకలి లేని పాము దాన్ని పట్టదు. ఆకలేసిన ఎలుక మాత్రం పాముని కొరుక్కుతింటుంది. ఇలా వెన్నెముక తేలేదాకా కొరికించుకున్న పాముల్ని కూడా చూశాను. వీళ్లది అదృష్టం.

నన్ను కంగారు పెట్టింది గాయం కాదు. పాము తల పైకెత్తి, నోరు సన్నగా తెరిచి పెట్టుకుంది. చెవి దగ్గర పెట్టుకుంటే పిల్లికూతలు. నాలుక పక్కన నురగలాంటి చొంగ. ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్. మనలా గట్టిగా దగ్గి బయటికి తోయడానికి పాముకి డయాఫ్రం (ఊపిరాడించే కండరపు పొర) లేదు. చేరిన కఫం లోపలే ఉండిపోతుంది.

అప్పుడు నా ముందున్నవి మూడు నిర్ణయాలు.

ఒకటి, వైరస్. బాల్ పైథాన్లలో నిడోవైరస్ అనేది సరిగ్గా ఇలాగే కనబడుతుంది. మందు లేదు. నోట్లోంచి స్వాబ్ తీసి పీసీఆర్‌కి పంపాను. వారం తర్వాత నెగటివ్ వచ్చింది.

రెండు, యాంటీబయాటిక్ ఎప్పుడు మొదలుపెట్టాలి. చాలామంది యజమానులకి అర్థం కానిది ఇదే. పాము ఒంట్లో వేడి, దాని చుట్టూ ఉన్న వేడే. చల్లటి పాముకి రోగనిరోధక శక్తి సరిగా పనిచేయదు, మూత్రపిండాలు మందుని సరిగా బయటికి పంపవు, నేను లెక్కేసిన మోతాదు తప్పుతుంది. అందుకని ఇంజెక్షన్ కంటే ముందు వేడి. రెండు రోజులు క్లినిక్‌లోనే 30 డిగ్రీల సెల్సియస్‌లో ఉంచి, సెఫ్టాజిడిమ్ మొదలుపెట్టాను. పాములకి ఇది మూడు రోజులకోసారి చాలు. ఏడు మోతాదులు. ప్రతి మూడో రోజూ దిండు గలీబులో ముడేసి, థర్మకోల్ పెట్టెలో పెట్టుకుని తెచ్చేవారు.

మూడు, తినిపించాలా. గొంతులోకి ఎలుకని నెట్టే వీడియోలు చూసి తండ్రి అప్పటికే సిద్ధంగా ఉన్నాడు. వద్దన్నాను. ఊపిరి అందని పాముకి నోట్లో ఏదైనా కుక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. చల్లటి ఒంట్లో అరగక కక్కేస్తే ఇంకో వంద గ్రాములు పోతుంది. ఎనిమిది వందల గ్రాముల పాము ఇంకొన్ని వారాలు ఆకలికి ఆగగలదు. న్యుమోనియాకి ఆగలేదు.

ఇంట్లో ఏముందో చూసిన రాత్రి

పాము క్లినిక్‌లో ఉన్న రెండో రోజు, రాత్రి తొమ్మిదిన్నరకి వీడియో కాల్ పెట్టించాను. అప్పటికే ఇరవై డాలర్ల ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ ఒకటి కొనిపించాను. ల్యాంపు రోజూ వేసే వేళకే వేసి, తీసే వేళకే తీయమన్నాను.

పిల్లాడు చెప్పిన తొంభై రెండు అబద్ధం కాదు. ట్యాంకు అద్దానికి, నేలకి పది అంగుళాల పైన, ల్యాంపు పక్కన అంటించిన గుండ్రటి డయల్ మీద అది నిజంగానే తొంభై రెండు. పాము ఉండేది మాత్రం నేల మీద. సాయంత్రం కొలిస్తే ల్యాంపు కింద రాయి మీద 113 ఫారెన్‌హీట్, అంటే 45 సెల్సియస్, కాలిపోయేంత. ఆ పక్కనే, పాము పగలంతా పడుకునే డబ్బా లోపల 77, అంటే 25. రాత్రి గదిలో వెలుతురు పడుతోందని ల్యాంపు తీసేస్తారు. ఇంటి హీటరు రాత్రికి 66 మీద పెడతారు. అంటే తెల్లారేసరికి పాము 19 డిగ్రీల సెల్సియస్‌లో. పైన అంతా వల మూత. తేమ 28 శాతం. ఈ పాముకి కనీసం 55, 60 ఉండాలి.

"కెమెరా ఒకసారి గది చుట్టూ తిప్పు నాన్నా," అన్నాను. ట్యాంకు పక్కన చిన్న పీట, దాని మీద కుంకుమ, అగరుబత్తి స్టాండు, కింద బూడిద. చవితి నాటి నుంచీ అమ్మమ్మ పొద్దునా సాయంత్రం రెండేసి అగరుబత్తీలు వెలిగిస్తున్నారు. ఆవిడకి అది మర్యాద. చలి, పొడిగాలి, పైన పొగ. ఇన్ఫెక్షన్ ఎందుకొచ్చిందని ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

ఆవిణ్ణి మానేయమనలేదు. దేవుడి గది హాలుకి అవతల ఉంది. బత్తీలు అక్కడ వెలిగించి, ఇక్కడ పువ్వు పెట్టమన్నాను. "పువ్వయితే పొగుండదు కదా," అని ఆవిడే అన్నారు.

ట్యాంకులో మార్పులు ఒక్క పూటలో అయిపోయాయి. వల మూత మీద ముప్పావు వంతు ఫాయిల్. కింద కాగితం తీసేసి కొబ్బరి పొట్టు, నాలుగు అంగుళాల మందాన, ఒక మూల తడిపి. వెలుతురు లేని సిరామిక్ హీటరు, దానికి వేడిని అదుపు చేసే థర్మోస్టాటు, దాని ప్రోబ్ (వేడిని కొలిచే తీగ కొస) వెచ్చటి డబ్బా లోపల. 90 ఫారెన్‌హీట్ దగ్గర ఆగేలా పెట్టాం, అంటే 32 సెల్సియస్. అటొకటి ఇటొకటి, ఒకే రకం ఇరుకు డబ్బాలు. డబ్బా ఎందుకు ఇరుకంటే, వీపు నాలుగు వైపులా తగిలితేనే దానికి కలుగులో ఉన్నట్టుంటుంది. డబ్బాలు రెండూ ఒకేలా ఎందుకంటే, ఒకటే మంచిదైతే దాక్కోడానికి వెచ్చదనాన్ని వదులుకుంటుంది. వారాంతాల్లో పిల్లాడి స్నేహితులొచ్చి చేతుల్లోకి తీసుకోవడం బంద్.

నయమైంది, తినలేదు

జనవరి చివరికి పిల్లికూతలు పోయాయి. నోరు మూసుకునే ఉంటోంది. బరువు 784. ఫిబ్రవరి మొదటి శనివారం ఎలుకనిచ్చారు. తినలేదు. మరుసటి వారం మళ్లీ. తినలేదు.

నాకు నిద్ర చెడింది ఇక్కడే. వేడి సరిపోయింది, తేమ సరిపోయింది, జబ్బు తగ్గింది. ఇక మిగిలింది గొంతులోకి నెట్టడమేనా? తండ్రి అదే అడిగాడు. ఒక్క వీడియో పంపమన్నాను, ఎలుకనిచ్చేటప్పుడు మొదటి నుంచి చివరిదాకా.

వీడియోలో పాము డబ్బాలోంచి తల బయటికి పెట్టింది. నాలుక ఆడిస్తూ పటకారుకి ఉన్న ఎలుక వైపు జానెడు దూరం వచ్చింది. ఒక నిమిషం అలాగే ఉంది. మెల్లగా వెనక్కి వెళ్లిపోయింది.

ఆ ఒక్క నిమిషాన్ని మూడు నాలుగు సార్లు చూశాను. ఒంట్లో బాగాలేని పాము తల బయటికి పెట్టదు. భయపడ్డ పాము బంతిలా చుట్టుకుంటుంది. ఇది రెండూ చేయలేదు. వచ్చింది, చూసింది, నచ్చక వెళ్లింది. అంటే చూడాల్సింది పాముని కాదు, ఎలుకని.

"ఆ ఎలుక ముక్కు మీద థర్మామీటరు పెట్టి చెప్పు," అన్నాను. 63 ఫారెన్‌హీట్. 17 సెల్సియస్.

పైథాన్‌కి పెదవుల వెంట చిన్న గుంటలుంటాయి. వాటితో అది వేడిని చూస్తుంది. చీకట్లో దానికి ఎలుకంటే ముప్ఫై ఎనిమిది డిగ్రీల వెచ్చటి ఆకారం. ఎలుక వాసన వేస్తూ, గది కంటే చల్లగా ఉన్నది దాని దృష్టిలో తిండి కాదు.

ఎలుక ఎందుకు చల్లబడింది? షరతు ఇదీ: చచ్చిన ఎలుక వంటింట్లోకి రాకూడదు. "వంటింట్లోకి అదొస్తే నేను బయటికి వెళ్లిపోతానని మొదటి రోజే చెప్పానండీ," అంది తల్లి. పాము తిండికని గడ్డకట్టించి అమ్మే ఎలుకలు గ్యారేజీలో చిన్న ఫ్రీజర్లో. పిల్లాడు వాటిని అక్కడే బకెట్లో పంపునీళ్లు పోసి కరిగించేవాడు. ఉత్తర టెక్సస్‌లో జనవరి, ఫిబ్రవరి గ్యారేజీ అంటే చలే. తడి ఎలుకని పటకారుతో పట్టుకుని మెట్లెక్కి, హాలు దాటి వచ్చేసరికి దాని ఒంట్లో వేడన్నదే లేదు. సెప్టెంబరు దాకా గ్యారేజీ దానంతటదే వేడిగా ఉంది కాబట్టి ఇబ్బంది రాలేదు. పాము మానేసిన కొన్నాళ్లకే గ్యారేజీ కూడా చల్లబడింది. చలికాలపు ఉపవాసమని నేను పేరు పెట్టిన దాంట్లో ఎంత భాగం ఉపవాసమో, ఎంత భాగం గ్యారేజీయో ఇప్పుడెవరూ తేల్చలేరు.

ఇక్కడ తల్లిని ఒప్పించే పని పెట్టుకోలేదు, ఎందుకంటే ఆవిడ చెప్పిందే సరైనది. ఎలుకలూ, పాములూ సాల్మొనెల్లా మోస్తాయి. గడ్డకట్టించినంత మాత్రాన ఆ క్రిమి చావదు. పాముకి పెట్టే ఎలుకల్ని వంట చేసే చోటా, తినే చోటా ఉంచొద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ కూడా చెబుతుంది. మైక్రోవేవ్ మాట అసలు ఎత్తొద్దు. ఆవిడ షరతే సరైనదని చెప్పినప్పుడు, ఈ కేసులో మొదటిసారి కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంది.

దారి ఆవిడే చూపించింది. లాండ్రీ గదిలో సింకుంది, ట్యాంకుకి పది అడుగుల్లో. పాత కెటిల్ ఒకటి, ప్లాస్టిక్ డబ్బా, జిప్ కవర్లు, పాత హెయిర్ డ్రయ్యరు అక్కడికి చేరాయి. ఇక అవి వేరే దేనికీ వాడరు. కవర్లో ఉన్న ఎలుకని చల్లటి నీళ్లలో పూర్తిగా కరగనిచ్చి, తర్వాత చెయ్యి పట్టేంత వేడినీళ్లలో పావుగంట, తీసి తుడిచి, తలకి డ్రయ్యరు. ముక్కు దగ్గర 100 ఫారెన్‌హీట్, అంటే 38 సెల్సియస్, చూపించాక పది అడుగులు నడక. పని అయ్యాక సింకుకి బ్లీచి నీళ్లు.

ఇంకేమీ మార్చొద్దన్నాను. రెండు మూడు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలీదు. ఆ శనివారం పాము ఎలుకని కాటేసి పట్టింది. చుట్టింది. ఇంట్లో అందరూ ఊపిరి బిగబట్టుకున్నారట. అరనిమిషం వాసన చూసి వదిలేసింది.

వేడి దాటింది, వాసన దగ్గర ఆగింది. మొదటి రోజే అడగాల్సిన ఇంకో ప్రశ్న అప్పుడు అడిగాను: అమ్మినవాళ్లు దీన్ని దేంతో పెంచారు? తల్లి ఫోన్ చేసి కనుక్కుంది. బతికున్న చిట్టెలుకలతో, సొరుగులాంటి చీకటి డబ్బాలో. ఈ జాతికి పిల్లప్పటి రుచి ఒక పట్టాన వదలదు. ఈ ఇంటికొచ్చాక వేసవంతా పెద్ద జాతి ఎలుకల్ని తింది నిజమే. కానీ నెలల ఉపవాసం, జబ్బు తర్వాత మొదటి ముద్దకి దానికి తెలిసినదే పెట్టాలి.

ఫిబ్రవరి నాలుగో వారం. ఇరవై గ్రాముల చిట్టెలుక ఒక్కటే, ఎందుకంటే ఇన్నాళ్లు ఖాళీగా ఉన్న పొట్టకి బరువు పెట్టకూడదు. వేడి చేసి, డబ్బా గుమ్మం దగ్గర వదిలేసి, దీపాలార్పి, ట్యాంకు మీద దుప్పటి కప్పి, అందర్నీ మేడ మీదకి పంపించేశారు. పొద్దున లేచేసరికి చిట్టెలుక లేదు. రెండు రోజులు ట్యాంకులో ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఆరో రోజు పెంట వేసిందని పిల్లాడు ఫోటో పంపాడు. అంత సంతోషంగా అలాంటి ఫోటో పంపినవాళ్లు తక్కువ.

పది రోజులకి రెండు చిట్టెలుకలు. మార్చి అంతా అదే. ఏప్రిల్లో చిట్టెలుకలు పడుకున్న రంపపు పొట్టులో నలభై గ్రాముల ఎలుకని దొర్లించి ఇచ్చారు, తీసుకుంది. నెలాఖరుకి ఏ వాసనా పూయకుండానే తినేసింది.

ఇప్పుడు నేను మార్చుకున్నవి

"వేడి ఎంత?" అని అడగడం మానేశాను. ప్రోబ్ ఎక్కడుందో ఫోటో పంపమంటాను, ఒకటి మధ్యాహ్నానిది, ఒకటి తెల్లవారుజాము అయిదు గంటలది. మొదటి అపాయింట్‌మెంటుకే ట్యాంకుతో పాటు ఆ గది మొత్తం వీడియో అడుగుతాను. దీపం, ధూపం, ఎయిర్ ఫ్రెషనర్ పేర్లు పెట్టి అడుగుతాను, ఎందుకంటే "పొగ ఏమైనా ఉందా?" అంటే ఏ తెలుగింట్లోనూ అగరుబత్తిని పొగ కింద లెక్కెయ్యరు. ఎలుక ఫ్రీజర్లోంచి పాము నోటిదాకా ఏ దారిన వస్తుందో అడుగు అడుగూ చెప్పించుకుంటాను. ఇంకా కొనని వాళ్లు సలహాకొస్తే, పాము గురించి మాట్లాడేముందు ఆ దారి గురించే మాట్లాడతాను. వంటింట్లో దానికి చోటు ఉండకూడదు. మరి ఇంకెక్కడ ఉందో ముందే తేల్చుకోవాలి.

పిల్లల నోటు పుస్తకం మీద ఆధారపడటం కూడా మానేశాను. వాళ్లు బాగానే రాస్తారు, పరీక్షలొచ్చేదాకా.

మే నెలలో తల్లి ఒక్కతే వచ్చింది, పాము లేకుండా. జిప్ కవర్లో కుబుసం తెచ్చింది. ముక్కు నుంచి తోక దాకా ఒక్క ముక్కగా ఊడింది. బల్ల మీద పరిచి, తల దగ్గర వేలితో ఎత్తి చూశాను. రెండు కంటి పొరలూ వచ్చేశాయి, చిన్న అద్దాల్లా. బరువెంత అంటే ఫోన్ తీసి చూపించింది: 931. వంటింటి పాత కాటాని పాముకిచ్చేసి, తను కొత్తది కొనుక్కుందట.

ఫైల్లో పిల్లాడి పేరు కింద తన నంబరు కూడా రాసుకోమంది. నాలుగేళ్లలో వాడు కాలేజీకి వెళ్లిపోతాడని ఆవిడ లెక్కేసుకుంది, నేనేమీ అనలేదు. లేచి నిలబడ్డాక మళ్లీ ఆగింది.

"డాక్టరు గారూ, జూలైలో మా గ్యారేజీ పొయ్యిలా ఉంటుంది. ఆ చిన్న ఫ్రీజరు తట్టుకుంటుందంటారా?"

తట్టుకోకపోవచ్చనీ, ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన ఎలుకని పాముకి పెట్టొద్దనీ చెప్పాను. కాసేపు ఆలోచించింది.

"లాండ్రీ గదిలోకి తెప్పిస్తాను. అంతకంటే లోపలికి మాత్రం రానివ్వను," అంది.